గంజి, గింజ, మగ్గము

గంజి మన ఇండ్లలో రెండు పనులకు కావలెను: పడుగుకు పెట్టుటకు, కడుపులో పోసుకొనుటకు. మొదటిది లేకున్న పోగు తెగును. రెండవది లేకున్న నేయువాడే ఉండడు. కరవునాట సర్కారు పెట్టిన తిండిని గురించి మేము నాలుగు మాటలు వ్రాయుట అందుకే.

1876-78 కరవు ధాత సంవత్సరమున మొదలగుటచే పెద్దలు దానిని ధాత కరువనిరి. బళ్లారి, కర్నూలు, కడప, సేలము సీమలు అల్లాడినవి. 1877లో వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ గారు ఖర్చు తగ్గింపనెంచి, పనివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలుననిరి. పౌను అనగా నేటి తూకమున సుమారు 450 గ్రాములు. అది తిని రాళ్లు కొట్టవలెను, మట్టి మోయవలెను. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గారు ఆ తిండితో పనివాడు నిలువడని గట్టిగా వాదించిరి. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వము కూలి పెంచినది. టెంపుల్ గారి లెక్కలో పొదుపు కలదు గాని మనిషి లేడని మా అభిప్రాయము.

సాలెవానికి మరియొక చిక్కు. రైతు ఇంట గాదె ఖాళీయైన నాడే బట్ట బేరము నిలుచును. మగ్గము విడిచి రాళ్లపనికి పోయినచో చేతులు కాయలు కాచును. ఆ చేతికి సన్ననూలు తగులుకొని తెగును. తిరిగి వచ్చునప్పటికి మగ్గము అమ్ముడై పోయియుండును. 1880 క్షామ కమిషను తరువాత నిబంధనావళులు వచ్చినవి. నేతగాండ్రకు వారి వృత్తిలోనే పని చూపుట క్రమముగా అంగీకృతమైనది. 1896-97 కరవున షోలాపురములో, మన తెలుగు పద్మశాలీలు పలువురున్న చోట, ఈ రీతి సహాయము జరిగినది. నేసిన బట్టను ఏమి చేయవలెనను ప్రశ్న అప్పుడును ఉన్నది. నిలువ సరుకు బాధ మన సంఘములకు కొత్త కాదు గదా!

రేషను యుద్ధకాలమున, 1943 బెంగాలు కరవునాట బలపడినది. 1952లో రాజాజీ గారు మద్రాసు రాష్ట్రమున కంట్రోలు తీసివేసిరి. 1965లో ఫుడ్ కార్పొరేషను ఏర్పడినది. 1967లో అణ్ణాదురై గారి రూపాయి పడి బియ్యము, 1983లో రామారావు గారి రెండు రూపాయల కిలో బియ్యము పాఠకులెరిగినవే.

2013 ఆహార భద్రత చట్టము క్రింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు. 2023 జనవరి నుండి ఇవి ఉచితము. 2019లో మొదలైన ఏర్పాటు 2022 నాటికి అన్ని రాష్ట్రములకు వ్యాపించుటచే, భీవండికో సూరతుకో పోయిన మనవారు స్వగ్రామపు కార్డుతోనే అక్కడ గింజలు తీసికొనవచ్చును. కేంద్రపు వంతు మాత్రమే. రాష్ట్రము అదనముగా ఇచ్చునది వెంట రాదు.

ఉచిత బియ్యము వలన నేతపని చెడినదని కొందరందురు. మేము ఒప్పము. ఇంట గింజలున్న నేతగాడు సాయంకాలపు కూటికై చీరను సగము వెలకు షావుకారు ముందర పెట్టనక్కరలేదు. రెండు వారములు ఆగి బేరమాడగలడు. అయితే బియ్యము నూలు కాదు. నూలు సకాలమున అందించుట సంఘముల పని. అందు మనము వెనుకబడియున్నాము.

2004లో అంత్యోదయను విస్తరించినప్పుడు గ్రామీణ వృత్తులవారిలో నేతగాండ్రను పేరెత్తి చేర్చిరి. వితంతువులు, వృద్ధులు అంతకు మునుపే ఉన్నారు. అర్హత ఉండియు కార్డు లేని సభ్యులు ఆధారు కాగితముతో సంఘ కార్యాలయమునకు రావలెను. చట్టము ప్రకారము కార్డు ఇంటిలోని పెద్ద స్త్రీ పేరిట ఉండును గనుక ఆమెను వెంట తీసుకొనిరండు. అర్జీ మేము వ్రాసి యిత్తుము.