పంట చేలు, పెరటి తోటల్లో నెమళ్ల గుంపులు: కాపాడుకోవలసిన రోజులు కొన్నే

వేరుశనగ విత్తిన పది రోజులకు ఒక రైతు తన చేను చూడటానికి నన్ను పిలిచారు. మొలకలన్నీ నెమళ్లు పీకేశాయని, చేనంతా మళ్లీ విత్తుకోవలసి వస్తుందని ఆయన ఆవేదన. తెల్లవారుతుండగా వెళ్లి చూశాం. కంపచెట్ల గుబురును ఆనుకుని ఉన్న నాలుగైదు సాళ్లలో మొలకలు చాలావరకు పోయిన మాట నిజమే. చేను నడిమి భాగంలో మాత్రం మొలక నిండుగా ఉంది. తిరిగి వస్తుండగా ఆయన గొంతు తగ్గించి, "గట్టు మీద మందు కలిపిన గింజలు చల్లితే ఏమవుతుంది సార్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

ఊళ్లలోకి ఎందుకు వస్తున్నాయి?

మగ నెమలి 4 నుంచి 6 కిలోలు, ఆడ నెమలి సుమారు 3 నుంచి 4 కిలోలు తూగుతాయి. ఎగరగలిగినా పగలంతా నేల మీద నడుస్తూనే మేస్తాయి. గింజలు, లేత మొలకలు, పండ్లతో పాటు మిడతలు, చెదలు, గొంగళి పురుగులు, తొండలు, చిన్న పాములను కూడా తింటాయి. మేయడానికి బయలు నేల, దాగడానికి పొద, రాత్రి నిద్రకు ఎత్తైన చెట్టు, తాగడానికి నీరు ఉంటే వాటికి చాలు. బోరుబావుల కింద సాగయ్యే చేలు, వాటి పక్కన పెరిగిన సర్కారు తుమ్మ, ఊరి చివర చింత, వేప చెట్లు ఈ నాలుగింటినీ ఒకేచోట సమకూరుస్తున్నాయి. దేశంలో నెమళ్ల సంఖ్య పెరుగుతున్నదని 2020లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక కూడా పేర్కొన్నది.

చట్టం ఏమంటున్నది?

నెమలిని 1963లో జాతీయ పక్షిగా ప్రకటించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఇది మొదటి షెడ్యూలులో ఉన్నది. ఈ చట్టంలో వేట అనే మాటకు అర్థం చాలా విస్తృతం. చంపడం, విషం పెట్టడం, ఉచ్చులు పన్నడమే కాక గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. 2022 సవరణ ప్రకారం మొదటి షెడ్యూలు జీవిని వేటాడితే 3 నుంచి 7 సంవత్సరాల జైలు శిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. పైరుకు నష్టం చేస్తున్నదన్న కారణంతో నెమలిని చంపడానికి అనుమతి దొరకదు.

చట్టం సంగతి అలా ఉంచినా, విషపు గింజలు నెమలిని మాత్రమే వెతుక్కోవు. పెరటి కోళ్లు, గువ్వలు, పిచ్చుకలు వాటిని తింటాయి. చచ్చిన పక్షిని తిన్న కుక్కకూ ప్రమాదమే. పైగా పొద, నీరు, మేత అక్కడే ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి మరో గుంపు చేరుతుంది. కంచెకు కరెంటు పెట్టడం మనుషుల ప్రాణాలకే ముప్పు.

పైరు ప్రమాదంలో ఉండే కాలం

నెమళ్లు ఏడాది పొడవునా కనిపించినా నష్టం మాత్రం కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. వేరుశనగలో విత్తిన నాటి నుంచి సుమారు 15 రోజులు కీలకం. విత్తనపు పప్పు బద్దల కోసం నెమలి మొలకను పీకుతుంది. మొక్క నాలుగైదు ఆకులు తొడిగి వేరు పట్టాక ఆ ఆకర్షణ తగ్గుతుంది. వరిలో నారుమడి దశ, మొక్కజొన్నలో మొలక దశ, గింజ పాలుపోసుకునే దశ, టమాటలో కాయ పండే దశ ఇటువంటివే. కనుక కాపలాను, ఖర్చును ఈ రోజులకే పరిమితం చేసుకోవచ్చు.

చేలో పాటించవలసిన పద్ధతులు

• వేరుశనగను గొర్రుతో సుమారు 5 సెంటీమీటర్ల లోతున విత్తి, పైన మట్టి సరిగా కప్పాలి. మొదళ్ల వద్ద ఒలికిన గింజలను ఏరివేయాలి. విత్తనశుద్ధి చేసిన గింజ నేలపై మిగిలితే పక్షులకు అదే విషం.

• పొదలను ఆనుకుని ఉన్న అంచు సాళ్లపై ముందుగా దృష్టి పెట్టాలి. ఉదయం తెల్లవారినప్పటి నుంచి రెండు మూడు గంటలు, సాయంత్రం పొద్దుగుంకే వరకు కాపలా ఉంటే చాలావరకు నష్టం తప్పుతుంది.

• మెరిసే రిబ్బన్లను మెలిపెట్టి, పైరు కన్నా సుమారు అర మీటరు ఎత్తున కట్టాలి. కొద్ది రోజుల్లోనే పక్షులు వీటికి అలవాటు పడతాయి. అందువల్ల చోటు మారుస్తూ, డప్పు శబ్దం, దిష్టిబొమ్మ వంటి వాటితో కలిపి వాడాలి.

• నారుమళ్లపై వలను బిగుతుగా కట్టాలి. వదులుగా వేలాడే వలలో పక్షులు, పాములు చిక్కుకుంటాయి.

• మొలకలు పోయిన చోట వెంటనే ఖాళీలు పూరించాలి.

పెరటి తోటల్లో

పెరట్లోకి నెమళ్లను రప్పించేది తరచుగా మనం వదిలే మేతే. కోళ్ల దాణా, పశువుల దాణా, మిగిలిన అన్నం ఆరుబయట ఉంచరాదు. ప్రేమతో గింజలు వేయడం కూడా మంచిది కాదు. మనిషి భయం పోయిన పక్షి పక్కింటి ఆకుకూర మడిని కూడా వదలదు. ఆకుకూరలు, మిరప నారు పెంచే చిన్న మళ్లకు వెదురు బద్దల మీద వల చాలు. జతకట్టే కాలంలో మగ నెమలి అద్దంలోనూ, కారు తలుపు మీదా తన నీడను చూసి మరో మగదనుకుని పొడుస్తుంది. వాటిపై గుడ్డ కప్పితే సరిపోతుంది. నేల మీద పొదల చాటున గుడ్లు కనిపిస్తే కదిలించరాదు. సుమారు 4 వారాల్లో పిల్లలు పొదిగి, తల్లి వెంట వెళ్లిపోతాయి. గాయపడిన పక్షి కనిపిస్తే అటవీశాఖ సిబ్బందికి తెలియజేయాలి.

ఆ రైతు చేనంతా మళ్లీ విత్తలేదు. పోయిన సాళ్లలో మాత్రమే గింజ వేసి, భార్యాభర్తలు వంతులవారీగా రెండు వారాలు ఉదయం, సాయంత్రం గట్టు మీద కూర్చున్నారు. ఆ సాళ్లు నిలిచాయి. పైరు ఎదిగాక నెమళ్లు మళ్లీ చేలో తిరగడం మొదలుపెట్టాయి. ఆయన వాటిని తరమలేదు. తరమవలసిన అవసరం అప్పటికి లేదు.