ఎంపిక ఎవరిది? జవాబుదారీ ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వీధుల్లో తెల్లవారగానే కనిపించే దృశ్యం మనకు కొత్తది కాదు. హాస్టళ్ల నుంచి యువతీ యువకులు పుస్తకాల సంచులతో కోచింగ్ సెంటర్లకు బయలుదేరుతారు. సరూర్‌నగర్‌లోని మన ఇళ్ల పిల్లలూ వారిలో కలుస్తారు. ఏ పరీక్షకు చదువుతున్నావని అడిగితే వెంటనే చెబుతారు. అదే ఎందుకని అడిగితే మాత్రం తరచుగా వినిపించే జవాబు: “ఇంట్లో చేర్పించారు.”

ఈ చిన్న జవాబు వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉంది. నా జీవితాన్ని ఎంచుకుంటున్నది ఎవరు? దానికి జవాబుదారీ ఎవరు? గత శతాబ్దంలో ఐరోపాను కుదిపిన అస్తిత్వవాదం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అస్తిత్వవాదం చెప్పేదేమిటి?

ఫ్రెంచి తత్వవేత్త జాన్ పాల్ సార్త్ర 1945 అక్టోబరులో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసం ఈ సిద్ధాంతాన్ని సామాన్యులకు చేరువ చేసింది. ఒక వస్తువు ఎందుకో తయారుచేసేవానికి ముందే తెలుసు. మనిషి అలా కాదు, ముందు ఉనికిలోకి వచ్చి, ఆ తరువాత తన ఎంపికల ద్వారా తనను తానే రూపొందించుకుంటాడని ఆయన వాదన. “నాకు వేరే దారి లేదు” అనుకోవడం ఆయన దృష్టిలో ఆత్మవంచన.

ఆ ఉపన్యాసంలో ఆయన తన విద్యార్థి ఒకరిని ప్రస్తావించారు. యుద్ధకాలంలో తల్లి వద్ద ఉండాలా, దేశం కోసం పోరాడే సేనలో చేరాలా అన్న సందిగ్ధంతో ఆ యువకుడు సలహా కోరాడు. నీవు స్వేచ్ఛాజీవివి, నీవే ఎంచుకో అన్నదే గురువు జవాబు.

ఆ ఒంటరితనం మన నగరానికీ తెలియనిది కాదు. 1969లో వెలువడిన నవీన్ నవల ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒకే రోజును, అతని మనసులోని అలజడిని చిత్రించింది.

ఇద్దరు వర్ణించిన ఇబ్రాహీం

అస్తిత్వవాదులందరూ నాస్తికులు కారు. ఈ ఆలోచనకు ఆద్యుడిగా పరిగణించే డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ దైవవిశ్వాసి. 1843లో వెలువడిన ‘భయము, కంపము’ అనే గ్రంథంలో ఆయన హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) త్యాగాన్ని బైబిలు కథనం ఆధారంగా పరిశీలించారు. ఆయన చిత్రించిన ఇబ్రాహీం మౌని. తన మనసులోని మాట భార్యకూ చెప్పలేడు, కుమారునికీ చెప్పలేడు.

దివ్య ఖుర్ఆన్ చూపిన ఇబ్రాహీం వేరు. అస్సాఫ్ఫాత్ సూరా 102వ ఆయతును గమనించండి. ఆ తండ్రి తన కలను కుమారునికి వివరించి, అతని అభిప్రాయం అడిగారు. ఆజ్ఞను పాటించమని, తాను సహనం వహిస్తానని కుమారుడు మనస్ఫూర్తిగా బదులిచ్చాడు. దైవాజ్ఞ విషయంలోనే ఒక ప్రవక్త తన బిడ్డను సంప్రదించారు. మరి కోర్సు విషయంలో మనం ఎంతమందిమి అడుగుతున్నాం?

మనకు కావలసినది

సార్త్ర చెప్పినదాంట్లో మనం ఆలోచించవలసినది లేకపోలేదు. బద్ధకాన్ని ‘తఖ్దీర్’ మీదకు నెట్టే అలవాటు మనలోనూ ఉంది. మనిషికి తాను కృషి చేసినదే దక్కుతుందని అన్నజ్మ్ సూరా బోధిస్తోంది. ఆకాశాలు, భూమి, పర్వతాలు మోయలేమన్న అమానతును మానవుడు స్వీకరించాడని అల్‌అహ్‌జాబ్ సూరా గుర్తు చేస్తోంది. అయితే మనిషి గమ్యం లేని బాటసారి అనడాన్ని మనం అంగీకరించలేం. మనల్ని సృష్టించినవాడు మన జీవిత లక్ష్యాన్నీ తెలిపాడు. ఆ లక్ష్యం వైపు నడిచే దారులలో ఎంపికను మనకు వదిలాడు.

ఆ ఎంపికలో మనిషిని ఒంటరిగానూ వదలలేదు. పెద్దలతో మష్వరా, అల్లాహ్ సన్నిధిలో ఇస్తిఖారా, నిర్ణయించుకున్నాక తవక్కుల్: ఈ మూడూ మన యువతకు అందుబాటులో ఉన్న ఆసరాలు. బిడ్డ తరఫున తామే అన్నీ నిర్ణయించే తల్లిదండ్రులు అతని భారాన్ని తగ్గించడం లేదు. దాన్ని మోయడం నేర్వనివ్వడం లేదు. ఏమీ పట్టించుకోని వారు మోయలేని బరువుతో అతణ్ణి వీధిలో వదిలేస్తున్నారు.

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మార్కుల ప్రస్తావన పక్కన పెడదాం. “నీ మనసులో ఏముంది బేటా?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా విందాం. హజ్రత్ ఇబ్రాహీం వంటి తండ్రుల ఓర్పును, హజ్రత్ ఇస్మాయీల్ వంటి సంతానపు దృఢత్వాన్ని అల్లాహ్ మన ఇళ్లకు ప్రసాదించుగాక! ఆమీన్.