ఏటికి ఎదురీదు పులస

ఆషాఢ శ్రావణ మాసములలో గోదావరి నీరు ఎఱ్ఱబాఱును. కొండల మన్ను కలిసిన ఆ వరద పాపికొండల నడుమ ఒదిగి ప్రవహించి, రాజమహేంద్రవరము దాటి, ధవళేశ్వరమునకు దిగువ పాయలై సముద్రమును చేరును. సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా సముద్రమునకు గొనిపోయిరని మన పురాణకథ. ఆ పాయల వెంటనే, ఆ వరదకే ఎదురీది, సముద్రమునుండి పైకి వచ్చు చేప యొకటి కలదు. అదియే పులస.

స్కాట్లండు, నార్వే, కెనడా దేశముల కొండ ఏళ్ళలోను, సరస్సులలోను ట్రౌటు, సాల్మను చేపలను గాలములతో పట్టుట ప్రసిద్ధమైన వినోదము. సాల్మను మంచినీట పుట్టి, సముద్రమున పెరిగి, గుడ్లు పెట్టుటకు మరల మంచినీటికి వచ్చును. పులస బ్రతుకుతీరును అట్టిదే. అయినను ఇవి రెండును ఒకే కుటుంబమునకు చెందినవి కావు. పులస మన తీరమున దొరకు కవళ్ళకు దగ్గఱి చుట్టము. హామిల్టను అను శాస్త్రజ్ఞుడు 1822లో గంగానది చేపలను వర్ణించుచు, బెంగాలీలు వాడు ‘ఇలిష్’ అను పేరునే దీనికి శాస్త్రనామమున చేర్చెను. నేడు దీని శాస్త్రనామము టెన్యులోసా ఇలిషా. గోదావరి వాసులు కడలిలో ఉన్న చేపను ఇలస యనియు, ఏరెక్కిన దానిని పులస యనియు పిలుతురు. పేర్లు రెండైనను చేప ఒక్కటే.

పులస ఎరకు ఆశపడి గాలమునకు చిక్కునది కాదు. దాని మొప్పలలో జల్లెడవంటి సన్నని ముళ్ళ వరుస లుండును. నీటిలో తేలియాడు సూక్ష్మజీవులను ఆ జల్లెడతో వడగట్టి తినును. అందుచేతనే బెస్తవారు పడవలపై పోయి వలలతో పట్టుదురు.

ఉప్పునీటినుండి మంచినీటికి వచ్చుట సామాన్య విషయము కాదు. దోసకాయ ముక్కలపై ఉప్పు చల్లినచో నీరు ఊరును. ఎండుద్రాక్షను మంచినీటిలో వేసినచో ఉబ్బును. పలుచని ద్రవమునుండి నీరు పొరగుండ చిక్కని ద్రవమువైపు పోవుటయే దీనికి కారణము. సముద్రపునీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము లుండును. చేప రక్తము అంతకంటె పలుచన. కనుక సముద్రమున చేప ఒంటి నీరు బయటికి పోవుచుండును. ఆ లోటు తీర్చుటకు అది ఉప్పునీరు త్రాగి, అధిక లవణమును మొప్పలలోని ప్రత్యేక కణములద్వారా విసర్జించును. నదిలో పరిస్థితి తలక్రిందులగును. నీరు లోనికి చొచ్చుకొని వచ్చును. లవణము బయటికి జారును. అప్పుడు మూత్రపిండములు పలుచని మూత్రమును ఎక్కువగా వెడలించును. మొప్పలు నీటినుండి లవణమును గ్రహించును. నదీముఖములందలి ఉప్పు, మంచినీటి కలయిక ఈ మార్పునకు అనువైన చోటు.

ఈ ప్రయాణమున పులస తినునది స్వల్పము. కడలిలో ఒంట చేర్చుకొనిన క్రొవ్వే దానికి దారిబత్తెము. “పుస్తెలమ్మియైనను పులస తినవలె”నని గోదావరి వాసు లనెడి రుచికి ముఖ్యకారణ మా క్రొవ్వే.

ఆడచేప లక్షలకొలది గుడ్లు విడుచును. ఇంచుమించు ఒకదినములో పిల్లలు వెలువడి, నదిలో కొంత పెరిగి సముద్రమునకు పోవును. పసిఫిక్ సాల్మనులు గుడ్లు పెట్టిన పిదప మరణించును. పులస అట్లుగాక కడలికి మరలి, మఱియొక యేడు తిరిగి రాగలదు.

ఈ దారికి అడ్డము వచ్చినది ఆనకట్ట. 1832-33లో నందన కరవు డెల్టాను కబళించినది. ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరము ఆనకట్ట ప్రారంభించి, 1852లో ముగించెను. లక్షల ఎకరములు పండినవి. నేడు దాని స్థానమున బ్యారేజి కలదు. మనుజులకు అన్నము పెట్టిన కట్టడమే చేపకు గోడ యైనది. సాల్మనువలె ఎత్తైన అడ్డును ఎగిరి దాటుట పులస స్వభావము కాదు. అమెరికాలో కొలంబియా నదిపై 1938లో ముగిసిన బానవిల్ ఆనకట్టకు చేపలు ఎక్కుటకు నీటిమెట్లు కట్టిరి. అట్టి మెట్లు అన్ని చేపలకును పనికిరావు. గంగపై ఫరక్కా బ్యారేజి 1975లో పనిచేయ నారంభించిన పిదప, ఎగువన అలహాబాదువఱకు పోవు ఇలిష్ మిక్కిలి తగ్గిపోయినది.

ఆనకట్టను తీసివేయలేము, తీసివేయనక్కరయు లేదు. మిగిలిన దారినైనను కాపాడుట మన చేతిలోనున్నది. బంగ్లాదేశమున గుడ్లు పెట్టు అక్టోబరు మాసమున 22 దినములు ఇలిష్ వేటను నిషేధించుచున్నారు. పిల్లచేపలను పట్టుటయు అచట కొన్ని నెలలు నిషిద్ధము. మన తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు మరపడవల వేటకు సెలవు. కాని పులస నది నెక్కునది ఆ గడువు తీరిన తరువాతనే. సంతలో అధికధర పలుకు గుడ్ల పులస, వచ్చు తరమును కడుపున మోసికొని వచ్చుచున్న చేపయే. ఆ దారిబత్తెము నంతయు మనమే తినివేసినచో, ప్రయాణము సాగించుట కెవ్వరు మిగులుదురు?