పడుకుని చూశాకే బేరమాడండి

డిసెంబరులో శనివారం రాత్రి లంబసింగి వెళ్లి గది కోసం తిరిగినవాళ్లకు ఆ బాధ తెలుసు. రోడ్డు వారన వరసగా ఆగిన కార్లలో సీట్లు వెనక్కి వాల్చి, అద్దాలకు తువ్వాళ్లు వేలాడదీసి, పిల్లల్ని ఒళ్లో వేసుకుని కునికిపాట్లు పడే కుటుంబాలు ఎన్నో. ఒక ఏడాది ఆ వరసలో మేమూ ఉన్నాం. తెల్లారేసరికి నాకు మెడ పట్టేసింది, మా ఆవిడ మాట్లాడటం మానేసింది. పక్కనే ఆగిన పాత మారుతీ వ్యానులో ఒక పెద్దాయన వెనక తలుపు పైకెత్తి, పరుపు మీద కాళ్లు బార్లా చాపుకుని ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నారు. "గది దొరకలేదా బాబూ?" అని జాలిగా అడిగారు. వ్యాను పురుగు నా బుర్రలో దూరింది అప్పుడే.

శ్రీశైలం దారి సంగతీ అంతే. హైదరాబాద్ వైపు నుంచి వెళ్తే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటలకు అడవి గేటు మూస్తారు. మళ్లీ తీసేది పొద్దున 6 గంటలకే. పది నిమిషాలు ఆలస్యమైనందుకు తొమ్మిది గంటల జాగారం.

అయితే ఇలాంటి రాత్రులు ఏడాదికి ఎన్ని? గట్టిగా లెక్కేస్తే మాకు పది తేలాయి. ఆ పది రాత్రుల కోసం కొన్న బండిని మిగతా 355 రోజులూ ఇంటి ముందు పెట్టుకోవాలి, కూరగాయలకూ పెళ్లిళ్లకూ తిప్పాలి. ఏ వ్యాను కొనాలన్నది ఈ లెక్కతోనే సగం తేలిపోతుంది.

ఓమ్నీయా, ఈకోనా?

నిలబడేంత ఎత్తున్న టెంపో ట్రావెలర్‌నో టాటా వింగర్‌నో చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. లోపల వంటగట్టు, మడత మంచం అంటూ ఊహలు పరుగెడతాయి. కానీ సెకండ్ హ్యాండ్‌లో దొరికే వాటిలో ఎక్కువ పసుపు బోర్డు బండ్లే. పర్మిట్, మూడు నెలలకోసారి పన్ను, ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్. తెల్ల బోర్డుకు మార్పించుకోవాలంటే రవాణా శాఖ ఆఫీసు చుట్టూ తిరగాలి. పైగా అది మా వీధి మలుపే తిరగదు. పది రాత్రులకు అంత బండి దండగ.

ఓమ్నీ మీద మమకారం వేరు. 1984లో మారుతీ వ్యాన్‌గా వచ్చి, 1988లో ఓమ్నీ అయి, 2019లో తయారీ ఆగేదాకా మనవాళ్లు దాన్ని బడి పిల్లలకూ వాడారు, అంబులెన్సుకూ వాడారు. సినిమాల్లో హీరోయిన్‌ను ఎత్తుకుపోవాలన్నా అదే. కానీ 796 సీసీ ఇంజిన్‌తో, నలుగురు మనుషులు, సామాను వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కడం ఓపిక ఉన్నవాళ్ల పని. డ్రైవరు మోకాళ్ల ముందు రేకు తప్ప ఇంకేమీ ఉండదు. సొంత బండికి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కాబట్టి, చవగ్గా దొరికే ఓమ్నీల్లో చాలావాటికి ఆ గడువు దగ్గర పడింది, లేదా దాటింది. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. రెన్యువల్ చేయించినా వచ్చేది అయిదేళ్లే.

అందుకే నా ఓటు ఈకోకి. 2010లో వచ్చింది, 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, పొడవు పన్నెండు అడుగులు, విడిభాగాలు దొరకని ఊరు లేదు. దాచడం ఎందుకు, లోపాలూ ఉన్నాయి. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్ది చూసిన ఈకోకి ఒక్క స్టారూ రాలేదు. ఆ కాలం బండికి ఎయిర్‌బ్యాగ్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. కాబట్టి రాత్రి ప్రయాణాలు పెట్టుకోకూడదు. పగలు నడిపి రాత్రి పడుకోవడానికే కదా వ్యాను!

సీటు బెల్టు బయటపెట్టింది

విజయవాడ ఆటోనగర్‌లో నాకు మొదట నచ్చింది తెల్ల ఈకో. అద్దంలా మెరుస్తోంది. సింగిల్ ఓనర్, కొత్త టైర్లు, సీట్లకు కొత్త కవర్లు. అడ్వాన్సు తీసి చేతిలో పెట్టుకున్నాను కూడా. మా మెకానిక్ ఇంజిన్ జోలికే పోలేదు. మధ్య సీటు దగ్గర కూర్చుని, "సార్, ఈ బెల్టు మొత్తం లాగండి" అన్నాడు. లాగాను. మొదట నల్లగా, శుభ్రంగా వచ్చింది. ఇక చివర జానెడు ఉందనగా బెల్టు అంచున బూడిదరంగు గీత, వేళ్లకు అంటుకునే ఎండు మట్టి. కాలి కింద మ్యాట్ మూల ఎత్తి చూపించాడు. సీటు బిగించిన బోల్టుల చుట్టూ ఎర్రగా తుప్పు. "బుడమేరు నీళ్లు తాగింది సార్" అన్నాడు. 2024 సెప్టెంబరు వరదల్లో సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లు ఎన్నని! అవన్నీ ఏమయ్యాయని ఎప్పుడైనా ఆలోచించామా? అమ్మకందారు ఫోన్ చూసుకుంటూ పక్కకు వెళ్లిపోయాడు.

మెకానిక్ చెప్పిన మాట అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను. ఇంజిన్ పాడైతే డబ్బు పోతుంది, బాడీ పాడైతే బండే పోతుంది. వ్యానుకు తుప్పు పట్టేది కంటికి ఆనని చోట్ల. పక్క తలుపు జారే పట్టాలు, వెనక తలుపు రబ్బరు కింద అంచు, చక్రాల పైన లోపలి రేకు. అక్కడ వేలు పెట్టి రుద్ది చూడండి. ముందు సీటు ఎత్తితే ఇంజిన్ కనిపిస్తుంది, దాన్ని చల్లగా ఉన్నప్పుడే మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. మీటరును నమ్మకండి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, మీటరు మాత్రం 40,000 కిలోమీటర్లు చూపిస్తుంటే అది ఏ కొరియర్ సరుకో మోసిన బండి.

ఆ తర్వాత సిగ్గుపడకుండా లోపల పడుకోండి. నేను రెండో బండిలో షెడ్డువాళ్లందరి ముందూ వెనక సీటు మడిచి పడుకున్నాను, నవ్వారు. నా ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు, నేరుగా పడుకుంటే పాదాలు తలుపుకు తగిలాయి, కాస్త ఏటవాలుగా ఒరిగితే సరిపోయింది. సీఎన్‌జీ బండిలో ఈ పప్పు ఉడకదు. సిలిండర్ వెనక సీటు వెనకే కూర్చుంటుంది, దానిపైన చెక్క వేస్తే పైకప్పు ముక్కుకు తగులుతుంది. సీట్లు పీకేసి మంచం బిగించేద్దాం అనుకోకండి. ఆర్సీలో ఉన్న వివరాలకూ బండికీ తేడా రాకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. అందుకే మా వడ్రంగి పడుకోవడానికి మూడు ముక్కలుగా మడిచే ప్లైవుడ్ చెక్క చేసిచ్చాడు. ఆదివారం రాత్రి తీసి మేడమీద పెడతాం.

ఢిల్లీ బండి చవక?

చవగ్గా దొరుకుతోందంటే ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లూ పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లూ ఢిల్లీ రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంటే, 2018లో సుప్రీంకోర్టూ ఔనంది. అప్పటినుంచి గడువు దగ్గర పడ్డ బండ్లు అక్కణ్నుంచి దక్షిణాదికి దిగుతున్నాయి. ఫారం 28 మీద ఎన్‌వోసీ, ఇక్కడ కొత్త నంబరు, మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపితే చవక కాస్తా అటకెక్కుతుంది. స్థానిక బండైనా ఫైనాన్స్ తీరిందనే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బులివ్వండి. పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కూడా మార్పించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

చివరికి నేను కొన్నది 2016 ఈకో, పెట్రోల్, మచిలీపట్నంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు గారిది. ఒక డోరుకు సొట్ట ఉంది. అలాగే ఉంచాం. పరుపు, కిటికీలకు అతికించే దోమతెరలు, చిన్న బ్యాటరీ ఫ్యాను తప్ప ఏమీ చేర్చలేదు.

ఉక్కపోస్తోందని ఏసీ వేసుకుని, ఇంజిన్ నడుస్తుండగా మాత్రం నిద్రపోవద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. వాళ్లను చంపింది జనరేటర్ వదిలిన కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రెండు వైపులా కిటికీ నాలుగు వేళ్ల సందు తెరిచి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే పడుకోండి.