క్రోమియంతో కలుషితమైన భూగర్భ జలాల శుద్ధి: పారగమ్య చర్యాశీల గోడలు హైదరాబాదు తూర్పు ప్రాంతానికి అనువైనవేనా?

క్రోమియం విషత్వం దాని మోతాదుతో పాటు రూపంపైనా ఆధారపడుతుంది. మూడు వేలన్సీ గల క్రోమియం నీటిలో అంతగా కరగక మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉంటుంది. ఆరు వేలన్సీ గల క్రోమియం ఋణావేశం గల క్రోమేట్ అయానుగా నీటి వెంట దూరంగా ప్రయాణిస్తుంది. క్యాన్సర్ కారకం కూడా. సల్ఫేటును గ్రహించే మార్గంలోనే మొక్కల వేర్లు దీనిని లోనికి తీసుకొంటాయి. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

ఈ నీటిని పైకి తోడకుండా భూమిలోనే శుద్ధి చేసే విధానమే పారగమ్య చర్యాశీల గోడ. జలప్రవాహానికి అడ్డంగా కందకం త్రవ్వి ఇనుప రజను నింపుతారు. గోడ నీటిని ఆపదు. చుట్టూ ఉన్న నేలకంటె సులభంగా పోనిస్తుంది. ఇనుము ఆక్సీకరణం చెందుతూ క్రోమేటును మూడు వేలన్సీ రూపానికి క్షయకరిస్తుంది. ఆ క్రోమియం ఇనుముతో కలిసి హైడ్రాక్సైడుగా అవక్షేపిస్తుంది. అమెరికాలో నార్త్ కరోలినాలోని ఎలిజబెత్ సిటీ వద్ద, క్రోమ్ పూత కర్మాగారం కలుషితం చేసిన జలానికి 1996లో 46 మీటర్ల పొడవు, 7.3 మీటర్ల లోతు, 0.6 మీటరు మందం గల గోడ నిర్మించారు. గోడ దాటిన నీటిలో క్రోమియం 0.01 మిల్లీగ్రాము కంటె తగ్గింది. నీరు రోజుకు 15 సెంటీమీటర్లు కదిలితే 60 సెంటీమీటర్ల గోడలో 4 రోజులు ఉంటుంది; మందం నిర్ణయించే లెక్క ఇదే.

అయితే ఎలిజబెత్ సిటీ నేల ఇసుక నేల. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ క్రింద ఉన్నది గ్రానైటు. పైన శిథిల శిలాపొర, దాని దిగువ పగుళ్ళ శిల. శిథిల పొరలో కందకం త్రవ్వవచ్చు. పగుళ్ళలో జారిపోయే నీరు మాత్రం గోడ క్రిందుగా తప్పించుకొంటుంది. ఇక్కడి అసలు చిక్కు ఇదే. పైగా ఇండ్లలోని బోరుబావులు ఏ దిక్కున ఎక్కువ తోడితే ప్రవాహం ఆ దిక్కుకు మళ్ళుతుంది. వేసవిలో ఒక కాలనీ వైపు, వర్షాకాలంలో చెరువు వైపు నీరు కదిలే చోట ఒకే గోడ నిలబెట్టడం డబ్బు వృథా.

మురుగు చేరే సరూర్‌నగర్ చెరువు వంటి పరిసరాలలో మరొక ఇబ్బంది ఉంది. మురుగునీటి మూలంగా భూగర్భ జలంలో నైట్రేటు పెరిగితే, క్రోమేటుతో పోటీపడి అదీ ఇనుమును వాడుకొంటుంది. క్రోమియం అణువు ఒకదానికి ఇనుప అణువు ఒక్కటే చాలు గనుక ఇనుమును హరించేది చాలాసార్లు క్రోమియం కాదు, ఈ ఇతర లవణాలే. ఇనుము తుప్పుపట్టేకొద్దీ క్షారగుణం పెరిగి, బైకార్బొనేట్లు కార్బొనేట్లుగా పేరుకొని గోడ రంధ్రాలను మూసివేస్తాయి.

కాబట్టి ఇట్టి నేలలలో కాలుష్య మూలానికి చేరువగా, శిథిల పొరకే పరిమితమైన చిన్న గోడ, పగుళ్ళలోనికి బెల్లపు మడ్డి వంటి కర్బన పదార్థాన్ని ఎక్కించి సూక్ష్మజీవులచే క్షయకరణం జరిపించడం, ఈ రెండింటిని కలిపి పరీక్షించుట మేలు. అంతకు ముందు కనీసం ఒక సంవత్సరం గోడ స్థలానికి ఎగువన, దిగువన పరిశీలన బావులలో నీటిమట్టాలు నమోదు చేయాలి. ఆరు వేలన్సీ క్రోమియాన్ని, మొత్తం క్రోమియాన్ని విడివిడిగా కొలవాలి. నమూనాను అక్కడికక్కడే వడగట్టి, చల్లగా ఉంచి, ఆలస్యం లేకుండా పరీక్షించాలి. నిలువ ఉంచితే సీసాలోనే క్రోమియం రూపం మారి, గోడ పనిచేసినట్లు తప్పుడు ఫలితం కనబడుతుంది.