తెర మీద మెరిసేది బంపరు... ప్రాణం కాసేది స్టీరింగు!

పాత కార్లంటే ప్రాణం పెట్టే కుర్రకారుకి ‘అమెరికన్ గ్రాఫిటీ’ చిత్రం పెద్దబాలశిక్ష లాంటిది. 1973లో విడుదలైంది. దర్శకుడు జార్జ్ లూకాస్. (అవును, ఆ తరువాత నాలుగేళ్ళకి ‘స్టార్ వార్స్’ తీసిన లూకాసే!) 1962లో కాలిఫోర్నియాలోని మొడెస్టో అనే ఊళ్ళో ఒక్క రాత్రి జరిగే కథ ఇది. రేడియోలో పాటలు, వీధుల్లో చక్కర్లు కొట్టే కార్లు, కార్లలోంచే మొదలయ్యే ప్రేమలు, తగాదాలు... ఇందరిలోనూ ప్రేక్షకుడి కళ్ళు ముందుగా అతుక్కునేది జాన్ మిల్నర్ అనే కుర్రాడి పసుపుపచ్చ కారు మీద. 1932 నాటి ఫోర్డు కూపే. కప్పు కోసి ఎత్తు తగ్గించారు. ముందు చక్రాలకి మోటారు సైకిల్ మడ్‌గార్డుల్లాంటివి తగిలించారు. ఇంజను చూస్తే షెవర్లే వాళ్ళది. అంటే మనిషి పాతే, గుండె కొత్తది!

ఆ చిత్రంలో పందెం సీను అందరికీ గుర్తుంటుంది. హారిసన్ ఫోర్డ్ (అప్పటికింకా పేరు లేని చిన్న నటుడు) నల్లటి 1955 షెవర్లేలో వచ్చి సవాలు చేస్తాడు. తెల్లవారుజామున పందెం వేస్తారు. నల్లకారు అదుపు తప్పి బోల్తా కొట్టి తగలబడుతుంది. అయితే అంతకు ముందే, అర్ధరాత్రి పూట మిల్నర్ ఓ చిన్నపిల్లని వెంటబెట్టుకుని పాత కార్ల శ్మశానంలో నడుస్తాడే, ఆ సీను ఎంతమందికి గుర్తుందో! నుజ్జునుజ్జయిన ఒక్కో కారునీ చూపిస్తూ అది ఎలా పోయిందో, అందులో ఎవరెవరు పోయారో చెబుతాడు. నవ్వుల మధ్య గుండె కలుక్కుమనిపించే సీను అది.

పాత కారుని కొత్తగా సింగారించాలనుకునే ప్రతివాడూ ఆ సీను రెండుసార్లు చూడాలి. ఎందుకంటారా? సినిమా చూసి ఇంటికొచ్చిన కుర్రవాడికి ముందుగా బుద్ధి పుట్టేది బంపరు మీద. స్టీరింగు గురించి ఆలోచించేది ఆఖర్న... ఒక్కోసారి ఆలోచించేదే లేదు!

బంపరు భాగోతం

అమెరికాలో ఈ ముచ్చట రెండో ప్రపంచ యుద్ధానికి ముందే మొదలైనా, ఊపందుకున్నది యుద్ధం అయ్యాకే. పాత ఫోర్డులు చవగ్గా దొరికేవి. 1932లోనే ఫోర్డు సామాన్యుడికి అందే ధరలో వి-8 ఇంజను పెట్టింది కదా, వేగం మీద మోజున్న కుర్రాళ్ళకి అది వరమైంది. ఆ వేగం పిచ్చివాళ్ళ బళ్ళకి ‘హాట్‌రాడ్’ అని పేరు. వేగం సంగతి ఎలా ఉన్నా చూపు చాలనుకునే వాళ్ళ బళ్ళు ‘కస్టమ్’ కార్లు. ఈ రెండో రకంలో మహారాణి ఎవరయ్యా అంటే 1949 నుంచి 1951 దాకా వచ్చిన మెర్క్యురీ. ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ (1955)లో జేమ్స్ డీన్ నడిపింది 1949 మెర్క్యురీయే. పాపం, ఆ చిత్రం విడుదలకి నెల్లాళ్ళ ముందే ఆయన కారు ప్రమాదంలో పోయాడు.

ఈ మెర్క్యురీలకి మేకప్‌మన్లు జార్జ్, శామ్ బారిస్ అన్నదమ్ములు. కారు మీదున్న గుర్తులూ, పిడులూ పీకేసేవారు. కప్పు కోసి దించేసేవారు. ఇంకో కంపెనీ బండి బంపరు తెచ్చి దీనికి అతికించేవారు. 1937 నాటి డిసోటో బంపరంటే ఆ రోజుల్లో కస్టమ్ కార్లవాళ్ళు పడి చచ్చేవారు. అడ్డంగా గీతలు తీర్చినట్టుండే ఆ బంపరు ఎంతో బరువైన మెర్క్యురీ ముఖాన్ని కూడా నాజూగ్గా చూపించేది మరి.

వినడానికి సులువుగానే ఉంటుంది. చెయ్యడం అంత సులువు కాదు. బంపరు మీద క్రోమియం పూత ఉండగా వెల్డింగు చేస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకి విషం. అందుకని ముందు పూతవాళ్ళకిచ్చి పాత పూత పూర్తిగా తీయించాలి. ఆ తరువాతే కోతలు. రెండు కొసలూ కోసి కారు ఒంటికి దగ్గరగా వచ్చేలా వంచి అతుకుతారు. పైకి కనిపించే బోల్టు తలలు పూడ్చేసి వెనకవైపు నుంచి బిగిస్తారు. రుద్దుతారు, మళ్ళీ రుద్దుతారు. తరువాత రాగి పూత, దాని మీద నికెల్ పూత, అన్నిటికన్నా పైన క్రోమియం. తమాషా ఏమిటంటే ఆ పైపూత మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. మనం చూసి మురిసిపోయే మెరుపులో ఎక్కువ పాలు కింద ఉన్న నికెల్‌దే! కింద ఇనుము మీద చిన్న గీత మిగిలినా పైపూత దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఇలాంటి అలంకారపు క్రోమియం పూతలో వాడే ఒకరకం రసాయనం కేన్సరు కారకం కావడంతో, దాన్ని దశలవారీగా మాన్పించాలని 2023లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ నిర్ణయించింది. కస్టమ్ కార్లకి పుట్టిల్లే అది!

బంపరు దేనికి బిగిస్తున్నారన్నది ఇంకో సంగతి. కారు ఒంటి రేకుకి బిగిస్తే అది బొట్టుబిళ్ళతో సమానం. చూడ్డానికి తప్ప ఎందుకూ కొరగాదు. ఛాసిస్‌కి గట్టి పట్టీలతో బిగిస్తేనే బంపరు. 1973 మోడళ్ళ నుంచి అమెరికా ప్రభుత్వం గంటకి 5 మైళ్ళ వేగంతో గుద్దుకున్నా ముందు దీపాల వంటి ముఖ్యమైన భాగాలు చెడకూడదని నిబంధన పెట్టింది. దాంతో కంపెనీలు దూలాల్లాంటి బంపర్లు తగిలించాయి. అభిమానులు గోలపెట్టారు. ఈనాటికీ 1974 నాటి కారు కొన్నవాడు మొదట చేసే పని ఆ దూలాన్ని లోపలికి నెట్టి సన్నగా చూపించడం. చూపు బాగుంటుంది, కాదనను. కానీ ఆ దూలం వెనక దెబ్బ తినడానికి వదిలిన ఖాళీ పోయిందన్న మాట మరిచిపోకూడదు.

ఇక అసలు కథ

పాత కారు స్టీరింగు చక్రం ఎంత పెద్దదో గమనించారా? పదిహేడు అంగుళాలు, అంతకు మించి కూడా ఉంటుంది. దర్జా కోసం కాదండీ! బండి బరువుని చేతుల బలంతోనే తిప్పాలి గనక. చక్రం కింద పొడుగాటి ఉక్కు కడ్డీ, దాని అడుగున మరపళ్ళ పెట్టె. ఆ పళ్ళు అరిగాయంటే చక్రం రెండంగుళాలు తిప్పినా రోడ్డు మీద చక్రాలు కదలవు. మన మెకానిక్కులు ‘ప్లే ఉంది సార్’ అంటారే, అదే. పందెం సీన్లో హీరో చక్రాన్ని అటూ ఇటూ ఊపుతుంటే మనం నటన అనుకుంటాం. అరిగిన పెట్టె ఉన్న బండిలో అది నటన కాదు, తిన్నగా పోవాలంటే అంతే!

అంతకన్నా భయంకరమైనది ఆ ఉక్కు కడ్డీ. ముందున్న పెట్టె నుంచి డ్రైవరు రొమ్ము దాకా తిన్నగా, అతుకు లేకుండా ఉంటుంది. ఎదురుగా వచ్చేదాన్ని గుద్దుకుంటే పెట్టె వెనక్కి తోసుకొస్తుంది. అప్పుడది కడ్డీ కాదు, బల్లెం. మిల్నర్ చూపించిన శ్మశానంలాంటి చోట్లకి చేరిన పాత బళ్ళు ఎన్నో ఈ బల్లెం కథే చెబుతాయి. దెబ్బ తగలగానే ముడుచుకుపోయే కడ్డీని జనరల్ మోటార్స్ వాళ్ళు 1967 మోడళ్ళలో పెట్టారు. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ అలాంటి రక్షణ తప్పనిసరైంది. అంతకు ముందు పుట్టిన చాలా కార్లకి ఆ యోగం లేదు.

అందుకే తెలిసినవాళ్ళు పాత కార్లకి కొత్త స్టీరింగు పెడతారు. అందరి నోటా వినిపించే పేరు ‘రాక్ అండ్ పినియన్’. పళ్ళున్న ఒక అడ్డకడ్డీ, దాని మీద తిరిగే చిన్న పళ్ళచక్రం, అంతే. ప్లే తక్కువ, భాగాలు తక్కువ. 1974 నుంచి 1978 దాకా వచ్చిన ‘మస్టాంగ్-2’ అనే చిన్నకారు ఉంది. అసలు మస్టాంగ్ అభిమానులు దాన్ని చూసి పెదవి విరిచారు. కానీ దాని ముందు చక్రాల సస్పెన్షన్, స్టీరింగూ ఎన్ని పాత బళ్ళకి అమరాయో లెక్క లేదు. హీరోయిన్‌గా నిలబడలేకపోయినా, డబ్బింగు చెప్పి వందల హీరోయిన్లకి గొంతు అయిన నటి లాంటిదన్న మాట! ఇప్పుడైతే ఆ నమూనాలో కొత్తవే తయారుచేసి అమ్ముతున్నారు.

అయితే కొనుక్కొచ్చి బిగించేస్తే చాలదు. 1932 ఫోర్డు వంటి కార్లకి ముందు చక్రాల మధ్య ఒకే ఇరుసు అడ్డంగా ఉంటుంది. గతుకు వచ్చినప్పుడు ఇరుసు పైకి కిందికి ఆడుతుంది, ఛాసిస్‌కి బిగించిన రాక్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఫలితం? ఎవరూ తిప్పకుండానే స్టీరింగు తిరుగుతుంది. ఆ బళ్ళకి రాక్ కన్నా షెవర్లే ‘వేగా’ కారులో ఉండే చిన్న పెట్టె మేలని హాట్‌రాడ్ వాళ్ళు దశాబ్దాల కిందటే తేల్చుకున్నారు. చక్రాలు విడివిడిగా ఊగే కార్లలోనైనా రాక్ కొసల కీళ్ళు, చక్రాల్ని మోసే చేతుల కీళ్ళతో వరస కలవాలి. కలవకపోతే ప్రతి గతుకులోనూ బండి ఒక పక్కకి లాగుతుంది. ఇంకో పెద్ద ప్రమాదం: ఇరుసు వెనక ఉండాల్సిన రాక్‌ని, మిగతావేవీ మార్చకుండా, ఇంజను అడ్డొచ్చిందని ఇరుసు ముందుకి మార్చారనుకోండి... కుడికి తిప్పితే కారు ఎడమకి పోతుంది! హాస్య చిత్రంలో అయితే హాలు దద్దరిల్లుతుంది. రోడ్డు మీద ఎవరికీ నవ్వు రాదు.

కడ్డీ కూడా తిన్నగా పోదు. ఇంజనుని తప్పించుకుంటూ వంకర తిరగాలి కాబట్టి మధ్యలో తిరుగుడు కీళ్ళు పెడతారు. రెండు కీళ్ళ వంపులూ ఒక వరసలో ఉండాలి, లేకపోతే చక్రం ఒకచోట తేలిగ్గా, ఒకచోట బిగుతుగా తిరుగుతుంది. మూడు కీళ్ళు పెడితే మధ్యలో ఒక బేరింగు ఆసరా ఉండి తీరాలి. మంచి సంగతి ఏమిటంటే, ఇలా వంకర తిరిగిన కడ్డీ గుద్దుకున్నప్పుడు బల్లెంలా దూసుకురాదు, మడుచుకుంటుంది.

చక్రం సైజు దగ్గర మాత్రం మన కుర్రాళ్ళని సినిమాలే పాడుచేశాయి! రేసు కారు హీరో చేతిలో పదమూడంగుళాల చక్రం చూసి, అదే తెచ్చి రెండు టన్నుల పాత బండికి తగిలిస్తారు. సందులో బండి తిప్పాలంటే అప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. చిన్న చక్రం మీద మనసు పడితే పవర్ స్టీరింగు కూడా పెట్టుకోవాలి. ఇప్పటి చిన్నకార్లలో వచ్చే కరెంటు మోటారు రకం డాష్‌బోర్డు వెనకే ఒదిగిపోతుంది. బయటికి పాత కారు పాతగానే కనబడుతుంది.

పాతదే బంగారమా?

1966లో టీవీలో వచ్చిన ‘బ్యాట్‌మన్’ కారు చూడండి. 1955లో ఇటలీలో చేతిపనితో తయారైన లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారుని జార్జ్ బారిస్ బృందం కొన్ని వారాల్లో మార్చేసింది. అందులో బ్యాట్‌మన్ పట్టుకున్న స్టీరింగు చక్రం ఎడ్సెల్ అనే మరో ఫోర్డు బండిది. ఆ అతుకుల బొంత 2013లో వేలంలో 46 లక్షల డాలర్లు పలికింది. బారిస్ వాళ్ళే మార్చిన 1951 మెర్క్యురీ, ‘హిరోహటా మెర్క్’, ‘రన్నింగ్ వైల్డ్’ (1955) చిత్రంలో కనిపించింది. 2022లో దానికి 20 లక్షల డాలర్లు దాటి వచ్చింది. మరో పక్క ‘బుల్లిట్’ (1968)లో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్ 2020లో 37 లక్షల డాలర్లకి పోయింది. దానికి గీతలూ, తుప్పూ అలాగే ఉన్నాయి, రంగు కూడా వేయలేదు!

కాబట్టి మార్చిందా, మార్చనిదా అన్నదానితోనే విలువ తేలదు. ఎవరి చేతిలో మారింది, ఎంత శ్రద్ధగా మారింది అన్నది లెక్క. నా మటుకు నేను పాత కారుకి కొత్త స్టీరింగు పెట్టినవాణ్ణి మెచ్చుకుంటాను, విప్పిన పాత పెట్టెని తూకానికి అమ్మకుండా గుడ్డలో చుట్టి అటకెక్కించి ఉంటే! బంపరు విషయంలో అంత ఉదారంగా ఉండలేను. కోసిన బంపరు మళ్ళీ అతకదు.

మన దేశంలో అయితే చట్టం ఇంకా గట్టిది. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. ముందు తగిలించే ఇనప ‘బుల్ బార్’లు పాదచారులకి ప్రమాదమని 2017 డిసెంబరులో కేంద్రం వాటి మీద చర్యకి ఆదేశించింది. 2021 జులైలో పాత కార్లకి వేరే నిబంధనలొచ్చాయి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి, నంబరులో ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషను ఇస్తారు. కొత్తగా చేయిస్తే రుసుము 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉంటే ఆ హోదా దక్కదు. దక్కినా రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, మరమ్మతులకీ, పెట్రోలు పోయించుకోవడానికీ మాత్రమే. అందుచేత మన పక్క కుర్రాళ్ళు రెంచి పట్టుకునే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసుకి ఒకసారి వెళ్ళి రావడం మంచిది.

అన్నట్టు, ఇంట్లో తాతగారి అంబాసిడర్ ఉన్నవాళ్ళు రాక్ అండ్ పినియన్ కోసం అమెరికా దాకా చూడనక్కర్లేదు. 2014లో తయారీ ఆగిపోయేదాకా మనం ముసలిబండి అని వెక్కిరించిన ఆ కారుకి, అది పుట్టుకతోనే ఉంది!