కాలి పుండు - మూత్రపిండాలు

మధుమేహం ఉన్నవారి కాలికి పుండు పడితే ఇంటిల్లిపాదీ కట్టు వంకే చూస్తారు; మూత్రపిండాల సంగతి ఎవరికీ తట్టదు. కాని ఆ పుండు మానడం కొంతవరకు వాటి చేతిలోనూ ఉంది.

రక్తకణాల ఉత్పత్తికి కావలసిన హార్మోనును ముఖ్యంగా తయారుచేసేవి మూత్రపిండాలే. అవి దెబ్బతింటే రక్తహీనత కలుగుతుంది. పుండుకు ప్రాణవాయువు చాలదు. రక్తనాళాలు సున్నం పేరుకొని గట్టిపడతాయి. రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. అందుకే డయాలిసిస్ చేయించుకునేవారిలో కాలు తీసివేయవలసి వచ్చే ప్రమాదం మరీ ఎక్కువ.

నొప్పి లేదు గదా అని ఊరుకోరాదు. నరాలు మొద్దుబారితే నొప్పే తెలియదు. నొప్పి ఉన్నా సొంతంగా బిళ్ళలు మింగరాదు; వాటిలో కొన్ని మూత్రపిండాలకే చేటు. పుండు కనబడిన రోజునే వైద్యుని దగ్గరకు వెళ్ళి, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఎంత ఉన్నవో పరీక్ష చేయించుకోవాలి. కొన్ని మందుల మోతాదును వైద్యులు నిర్ణయించేది ఆ లెక్క చూసుకునే.